గాజుతీగయా? రాగితీగయా?

నీరు, దీపము, పొయ్యి - ఈ మూడింటిని గూర్చి విచారించుట గృహిణికి అనాదిగా వచ్చిన ధర్మము. ఇప్పుడు వానికి తోడు ఇంటర్నెట్టు నాలుగవదై చేరినది. 2020వ సంవత్సరమున మహమ్మారివలన పాఠశాలలు మూతపడినప్పుడు ఎందరో పిల్లల చదువు దీనిమీదనే నడచెను. నేడు పరీక్షల దరఖాస్తులు, బ్యాంకు పనులు, పరదేశమందున్న బిడ్డల ముఖదర్శనము, ఇంటనుండియే ఉద్యోగము చేయు ఆడుబిడ్డల జీతము దీనిపై నాధారపడియున్నవి. కావున ఇంటికి ఏ తీగ తెచ్చుకొనవలయునను విచారము పురుషులకు మాత్రమే విడువదగినది కాదు.

మా తొండూరు, పులివెందుల ప్రాంతములయందు ఈ విచారమునకు మరియొక చిక్కు కలదు. చీనీతోటలకును అరటితోటలకును బోరుమోటారులే ప్రాణము. అందుచే ఎటు చూచినను కరెంటుతీగలు, ట్రాన్స్‌ఫార్మరులు. ఇంటర్నెట్టు తీగలును పెక్కుచోట్ల ఆ స్తంభములనే పట్టుకొని వచ్చును. మోటారు వేసినప్పుడెల్ల పాఠము తెగిపోవుచున్నదని తల్లులు వాపోవుట కద్దు. దీనికి కారణ మేమి?

కేబులనబడు నల్లని తీగను కోసి చూచినచో నడుమ లోహపు తీగ, దానిచుట్టు తెల్లని తొడుగు, దానిపై లోహపు వల, అన్నిటికి పైన నల్లని కవచము కనబడును. టీవీ నిమిత్తమై 1990 తరువాత మన యూళ్ల వ్యాపించిన తీగ యిదియే. దీనిలో నడచు సందేశము విద్యుత్తరంగ రూపమైనది. లోహపు వల చెక్కుచెదరక యున్నంతవరకు వెలుపలి యలజడి లోనికి రాదు. కాని ఎండకు కవచము పగిలి, వానకు అతుకులు తుప్పుపట్టి, బిరడాలు వదులైనచో, ఆ తీగయే గాలిలోని యలజడిని పట్టుకొను ఏరియలుగా మారును.

మోటారు స్టార్టరు పడునప్పుడును, స్తంభముపై వదులైన బిగింపునొద్దను, పగిలిన పింగాణి యిన్సులేటరునొద్దను చిన్న చిన్న నిప్పురవ్వలు పుట్టును. రేడియో వినువారికి ఇట్టిచోట్ల వచ్చు గరగరధ్వని తెలిసినదే. ఆ ధ్వనిని పుట్టించిన తరంగములే కేబులులోను దూరును. ఇంటినుండి వెలుపలికి పోవు సందేశము తక్కువ కంపనముల తరంగములపై నడచును. రవ్వల యలజడి అధికముగా నుండునదియు నక్కడనే. పైగా వీధిలోని యిండ్లన్నిటి యలజడియు ఒక్క తీగలో కూడికొనును. అందుచే ఒక్క యింటి చెడు అతుకు వీధికంతకు కీడు చేయును. ఉపాధ్యాయుని మాట మన బాలికకు వినబడుచునే యుండును. బాలిక మాట మాత్రము ఆయనకు వినబడదు.

ఇక ఫైబరు సంగతి. ఇది వెండ్రుకవంటి గాజుపోగు. మందము మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు. దీనిలో నడచునది విద్యుత్తు కాదు, వెలుగు. ఆ వెలుగు గాజు అంచులను దాటిపోలేక లోలోపలనే మరలుచు ముందునకు సాగును. పంజాబులోని మోగాలో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ 1954లో, లండనులో పరిశోధన సేయుచు, గాజుపోగుల కట్టగుండ చిత్రమును పంపవచ్చునని హాప్‌కిన్సుతో కూడి ప్రకటించెను. గాజులోని మాలిన్యమును తొలగించినచో వెలుగు బహుదూరము పోగలదని 1966లో చార్లెస్ కావో నిరూపించెను. అందులకై 2009లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

గాజు విద్యుత్తును ప్రవహింపనీయదు. ప్రక్కన వేల వోల్టుల తీగ యున్నను, మోటారు రవ్వలు గ్రక్కినను, లోపలి వెలుగునకు చలనము లేదు. దీనికి నిదర్శనము మన రాష్ట్రమందే కలదు. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకమునందు, సుమారు 24 వేల కిలోమీటర్ల గాజుతీగను భూమి త్రవ్వక విద్యుత్ స్తంభములపైననే లాగిరి. నాడు టీవీ, టెలిఫోను, ఇంటర్నెట్టు మూడును కలిపి నెలకు 149 రూపాయలకే యిచ్చెదమనిరి. రాగితీగను అట్లు లాగియున్నచో ఇంత నిశ్చింత యుండెడిది కాదు.

అట్లని ఫైబరు సర్వదోషరహిత మనుకొనరాదు. గాలివానకు స్తంభ మొరిగిన తీగ తెగును. మంచము కోటిక్రింద నలిగినను, గోడమూలయందు మిక్కిలి వంచినను వెలుగు జారిపోవును. తీగకు కరెంటు అక్కరలేదు గాని ఇంటిలోని పెట్టెకు కావలయును. కరెంటు పోయిన నది నిద్రించును. ఆ పెట్టెకు తగిన చిన్న బ్యాటరీ సాధనము అంగళ్లలో దొరకును. కేబులునకు వీధిమధ్యనున్న యాంప్లిఫయరులకును కరెంటు కావలయును. ఫైబరు మార్గమున సాధారణముగా అట్టి యవసరము లేదు. ఇది దాని మేలు.

దోష మెచ్చటనో తెలిసికొనుట కష్టము కాదు. పెట్టెపై ఎల్.ఓ.ఎస్. అనుచోట ఎఱ్ఱదీపము వెలిగిన వెలుగు రాలేదని యర్థము, తీగవానిని పిలువుడు. ఆ దీపము వెలుగక, కంప్యూటరును తీగతో కలిపినప్పుడు బాగుండి, ఫోనులో మాత్రము ఆగుచున్నచో, దోషము వైఫైది. పెట్టెను మైక్రోవేవ్ పొయ్యికి దూరముగా, ఎత్తున నుంచుడు.

మరియొక ముఖ్యవిషయము. తెగి వ్రేలాడు తీగను, అది ఏ తీగయైనను, ముట్టరాదు, పిల్లలను ముట్టనీయరాదు. కేబులు లోహము. ఫైబరుతీగలలోను బలమునకై ఉక్కుతీగ చేర్చినవి కలవు. కరెంటుతీగపై పడిన నవి ప్రాణాపాయకరములు. తెగిన గాజుపోగు కొనను కంటికెదురుగ పెట్టి చూడరాదు. అందలి వెలుగు కనబడనిది, కంటికి హానికరము.

కొందరు వీధివరకు గాజుతీగ తెచ్చి, అచ్చటనుండి ఇంటికి రాగితీగయే లాగి, దానికిని ఫైబరనియే పేరు పెట్టుదురు. కావున మోటారుల నడుమ కాపురముండు మనము ఒప్పుకొనుటకు మునుపు ఒక్క ప్రశ్న యడుగవలయును: గాజు మా గదిలోని పెట్టెవరకు వచ్చునా, వీధిలోనే ఆగునా? గదివరకు వచ్చునన్నచో రెండు రూపాయలెక్కువైనను అదియే తీసికొనుడు. వీధిలో ఆగునన్నచో అతుకులన్నియు క్రొత్తవిగా వేయించుకొని, ఏటేట వానకు ముందు పరీక్షింపజేయుడు.