ఆకాశాన్ని అడిగే చోటు

బీజింగ్ వెళ్లొచ్చిన మనవాళ్ల ఫోన్లు చూడండి. గోడ మీద ఒక ఫొటో, రాజుల కోట ముందు ఒక ఫొటో, ఆ తర్వాత మూడు వరసల నీలిరంగు కప్పున్న గుండ్రటి మండపం ముందు ఒకటి ఉంటాయి. ఆ మండపం ఉన్న చోటే టెంపుల్ ఆఫ్ హెవెన్. టూరు బస్సువాళ్లు గంటలో తిప్పి తీసుకెళ్లిపోతారు. మీరు మాత్రం సగం రోజు పెట్టుకోండి, అదీ పొద్దున్నే.

చైనా భాషలో దాని పేరు తియాన్‌తాన్. తియాన్ అంటే ఆకాశం, తాన్ అంటే పూజావేదిక. గుడి అన్నారు కదా అని విగ్రహం కోసం వెతక్కండి, ఉండదు. 1420లో మింగ్ వంశపు యోంగ్‌లె చక్రవర్తి కట్టించాడు. ఆవరణ 270 హెక్టార్ల పైమాటే, కాబట్టి మంచి బూట్లు వేసుకోండి. అత్తగారికి మోకాళ్ల నొప్పులుంటే కూర్చుంటూ కూర్చుంటూ చూపించండి.

అందరూ ఫొటో దిగే మండపం పంటలు బాగా పండాలని మొక్కుకునే చోటు. మొత్తం చెక్కే, ఇనుప మేకులు వాడలేదు. లోపల తల పైకెత్తి స్తంభాలు లెక్కపెట్టండి. మధ్యలో 4 రుతువులకి, తర్వాత 12 నెలలకి, బయటి 12 రోజులోని పన్నెండు జాములకి (వాళ్ల జాము మన రెండు గంటలు). 1889లో పిడుగు పడి కాలిపోతే మళ్లీ కట్టారు. ఇప్పుడు మనం చూసేది అదే.

కానీ అసలు వేదిక అది కాదు. దక్షిణం వైపు నడిస్తే మూడు మెట్ల వరసలున్న తెల్లటి పాలరాతి అరుగు వస్తుంది. 1530లో కట్టారు. దానికి కప్పు లేదు, నెత్తిన ఆకాశమే. పైన మధ్యలో ఒక గుండ్రటి రాయి, దాని చుట్టూ 9 రాళ్లు, తర్వాత 18, తర్వాత 27, అలా 81 దాకా. డిసెంబరులో పగలు అన్నిటికన్నా చిన్నదైన రోజున, అంటే సూర్యుడు ఉత్తరానికి తిరిగే వేళ, చక్రవర్తి ఇక్కడికి వచ్చేవాడు. అంతకు ముందు మూడు రోజులు మాంసం, మద్యం, అంతఃపురం అన్నీ మాని దీక్షలో ఉండేవాడు. దేశం మొత్తం తరఫున ఆకాశాన్ని అడిగే హక్కు ఆయన ఒక్కడిదే. ఊరేగింపు వెళ్లే దారిలో జనం తలుపులూ కిటికీలూ మూసుకోవాలి, తొంగి చూడకూడదు. రాణిగారికి కూడా ఇక్కడ చోటు లేదు. ఆవిడ పూజ వేరే, పట్టుపురుగుల దేవతకి. ఆ వేదిక బెయ్‌హై పార్కులో ఉంది.

1900లో బాక్సర్ తిరుగుబాటును అణచడానికి విదేశీ సైన్యాలు దిగినప్పుడు బ్రిటిష్ సేన ఈ ఆవరణలోనే మకాం వేసింది. వాళ్లతో మన దేశపు సిపాయిలూ వచ్చారు. పాపం, ఎవరి యుద్ధమో, ఎవరి గుడో! 1918లో దీన్ని పార్కు చేసి అందరికీ గేట్లు తెరిచారు.

ఇక నేను చూడమనేది ఆ గేట్లు దాటి వచ్చిన జనాన్ని. మెట్రో 5వ లైనులో తియాన్‌తాన్ తూర్పు గేటు దగ్గర దిగండి. లోపల 72 గదుల పొడవున్న వసారా ఉంది. ఒకప్పుడు పూజ సామగ్రి, బలి మాంసం వంటశాల నుంచి ఆ దారినే తీసుకెళ్లేవాళ్లు. ఇప్పుడు రిటైరైన అమ్మమ్మలు, తాతయ్యలు అక్కడ పేకాడతారు, స్వెట్టర్లు అల్లుతారు, గొంతెత్తి పాడతారు. డెబ్భై ఏళ్లావిడ ఈకల బంతిని కాలితో ఎగరేస్తుంటే నాకు నా బీపీ మాత్రలు గుర్తొచ్చాయి.

ఆ పార్కులోనే పెళ్లిసంబంధాల మూల ఒకటి ఉంది. పిల్లలు ఎవరూ ఉండరు, తల్లిదండ్రులే. కాగితాలు నేల మీద పరిచో, చేత్తో పట్టుకునో నిలబడతారు. పుట్టిన సంవత్సరం, ఎత్తు, చదువు, జీతం, సొంత ఇల్లు ఉందా లేదా. భాష రాకపోయినా ఏ వరసలో ఏముందో నాకు అర్థమైపోయింది. మన గ్రూపులో వారానికి రెండు వస్తాయి కదా!

ఒకావిడ నన్ను చూసి ఫోన్‌లో ఏదో మాట్లాడి తెర చూపించింది. "మీకు పిల్లలున్నారా?" అని. అమ్మాయి ఉంది, ముప్ఫై ఒకటి, పెళ్లి కాలేదు అన్నాను. బంధువులు అడిగితే నేను మాట మార్చే విషయం అది. అక్కడ మాత్రం ఎందుకో చెప్పేశాను. ఆవిడ తన కాగితం నా వైపు తిప్పింది. 1988లో పుట్టిన కూతురు. ఎన్నాళ్లుగా వస్తున్నారు అని అడిగాను. నాలుగేళ్లు అని వేళ్లు చూపించింది. మీ అమ్మాయికి తెలుసా అంటే నవ్వి నోటి మీద వేలు పెట్టుకుంది. కాసేపు ఇద్దరం అక్కడే కూర్చున్నాం. ఆవిడ ఫ్లాస్కులోని వేడినీళ్లు మూతలో పోసి నాకిచ్చింది.

వెళ్లేవాళ్లకి రెండు మాటలు. పాస్‌పోర్టు వెంట ఉంచుకోండి. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పార్కు టికెట్టు 15 యువాన్లు, లోపలి కట్టడాలతో కలిపి 34. సోమవారం కట్టడాలు మూసి ఉంటాయి, ఆ రోజు పెట్టుకోకండి. తూర్పు గేటు దాటి రోడ్డుకి అటువైపు హోంగ్‌చియావ్ ముత్యాల బజారుంది. హైదరాబాద్‌లో మనం కొనే మంచినీటి ముత్యాల్లో చాలావరకు చైనావే, కాబట్టి సగం ధరకి తగ్గకుండా బేరమాడండి.