దగ్గుతున్న పిల్లను బడికి పంపాలా?

జలుబు తగ్గింది. జ్వరం లేదు. దగ్గు మాత్రం పోలేదు. పిల్లను బడికి పంపాలా, మాన్పించాలా?

జలుబు తరువాత దగ్గు రెండు వారాల దాకా ఉండవచ్చు. పిల్ల అన్నం తింటూ, ఆడుకుంటూ ఉంటే బడికి పంపండి. దగ్గు వచ్చినప్పుడు మోచేతి మడత అడ్డం పెట్టుకోమనండి. ఊరికే మాన్పిస్తే చదువు వెనకబడుతుంది. ఆడపిల్లయితే చంటివాణ్ణి ఎత్తుకునే పని మీద పడుతుంది. ఇక దగ్గు తగ్గినా బడి సంగతి ఎవరికీ గుర్తుండదు!

జ్వరం ఉంటే పంపకండి. ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోతుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

తెరలు తెరలుగా దగ్గి, వాంతి చేసుకుంటుంటే అది కోరింత దగ్గు కావచ్చు. తొందరగా అంటుకుంటుంది. చంటిబిడ్డలకు ప్రాణం మీదికి తెస్తుంది. డాక్టరు ఇచ్చిన మందు మొదలుపెట్టాక 5 రోజులు ఇంట్లోనే ఉంచాలి.

దగ్గు 2 వారాలు దాటిందా? పిల్ల చిక్కిపోతోందా? క్షయ ఏమో చూపించండి. సర్కారు ఆసుపత్రిలో పరీక్షా, మందులూ ఉచితం. క్షయ అని తేలినా బడిలో పేరు కొట్టించకండి. డాక్టరు సరే అన్నాక మళ్ళీ పంపవచ్చు. పిల్లలకు క్షయ ఎక్కువగా పెద్దవాళ్ళ నుంచే వస్తుంది. ఇంట్లో దగ్గుతున్న తాతనూ వెంట తీసుకుపోండి.