గోడ దాచిన తీగ: అపోహలు – వాస్తవాలు

మంజీరానదికి అడ్డముగా 1923లో ఆరంభింపబడి 1931 నాటికి పూర్తియైన నిజాంసాగరము బాన్సువాడ, బోధను ప్రాంతములను వరిమళ్ళతో నింపినదని అందఱు నెఱుగుదురు. ఆ జలాశయముకడ 10 మెగావాట్ల జలవిద్యుత్కేంద్రమును కలదు. నీరు సమృద్ధిగానున్న చోట గోడలకు నిమ్మెక్కుటయు సహజమే కావున, 230 వోల్టుల విద్యుత్తును గోడలో దాచదలచిన గృహస్థుడు ఇచ్చట మఱింత జాగరూకుడై యుండవలెను.

గాడిలో తీగనుంచి సిమెంటు పూసినచో అదియే రక్షణయని కొందఱందురు. పైపులేక పూడ్చిన తీగ చెడినపుడు గోడ పగులగొట్టక మార్చుట సాధ్యము కాదు. చెమ్మయు, సిమెంటులోని క్షారమును దాని తొడుగును క్రమముగా బలహీనపఱచును. పైపు వేసినను, ఒకదానిలోనే తీగలన్నియు కుక్కినచో వేడి వెలికిపోజాలదు గనుక, లోపలి వైశాల్యములో సుమారు 40 శాతమునకు మించి నింపకుండుట మేలు. పూర్వము టేకుబద్దలపై బిగించిన తీగలు కంటికింపుగా లేకున్నను, ఎచ్చట నున్నవో చెప్పకయే చూపెడివి. ఆ సుగుణము గోడలోని తీగకు లేదు.

అందువలననే, దగ్గఱిదారి పట్టి తీగను ఐమూలగా పోనిచ్చిన ఖర్చు తగ్గుననుట ప్రమాదకరమైన పొదుపు. స్విచ్చిబోర్డునకు సరిగ మీదుగా నిలువునగాని, సమాంతరముగా అడ్డమునగాని తీగ పోవునని నమ్మియే తరువాతివారు పటమునకు మేకు కొట్టుదురు. పూత పూయకమునుపు గోడలను ఫోనుతో ఫొటో తీసి దాచుకొనుట ఖర్చులేని ఉపాయము. ఇక పైపు నడుమ టేపు చుట్టిన అతుకు పనికిరాదు. అతుకులు విప్పి చూడగల జంక్షన్ బాక్సులోనే యుండవలెను.

విద్యుత్తు మితిమీరినపుడు సరఫరాను తెంచు ఎమ్‌సీబీ మాటిమాటికి పడిపోవుచున్నదని పెద్దది బిగించుట పరిష్కారము కాదు. దీపములకు 1.5, పదునాఱు ఆంపియర్ల సాకెట్లకు 2.5, గీజరునకు, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ వాడుట సామాన్యము. ఎమ్‌సీబీ కాపాడునది ఆ తీగనే గాన, దానిని పెంచినచో కాలునది తీగయే.

అన్నిటికంటె లోతుగా పాతుకొన్న అపోహ, ఎమ్‌సీబీ యున్నచో మనిషికి షాకు తగులదనునది. తడిసిన దేహపు నిరోధము 1000 ఓములనుకొన్నచో, 230 వోల్టులకు పాఱు విద్యుత్తు 0.23 ఆంపియరు మాత్రమే. అది ప్రాణము తీయుటకు చాలును గాని, 6 ఆంపియర్ల ఎమ్‌సీబీ దాని నెఱుగనైన నెఱుగదు. ఆర్‌సీసీబీ యన్ననో, ఫేజులో పోయినంతయు న్యూట్రలులో మరలివచ్చినదో లేదో సరిచూచి, 30 మిల్లీ ఆంపియర్ల లోటు కనబడగనే సెకనులో మూడవవంతు లోపలనే సరఫరాను తెంచును. అయినను ఒకేసారి ఫేజును న్యూట్రలును ముట్టినవానిని అదియు కాపాడజాలదు. ఎర్తుతీగ ఆర్‌సీసీబీకి సహాయకారి గాని, నల్లాపైపునకు కట్టినది ఎర్తు కాదు. నేటి పైపులు ప్లాస్టికువి. ఆర్‌సీసీబీపైనున్న పరీక్షామీటను నెలకొకమారు నొక్కి చూడవలెను. అనేక గృహములలో ఆ మీటకు నేటివఱకు వేలు సోకలేదు.