సోనాబాయి పరిణయము: పాఠకుల పలు తలంపులు



ఈ పూట నేను ముచ్చటింపబోవునది ఒక పెండ్లికథను గూర్చి. నిజము చెప్పవలెనన్న, కథను గూర్చి కొంతయే. దానిని చదివినవారును విన్నవారును ఏమనిరి, ఏల అట్లనిరి, అనునదే నా ప్రసంగమునకు ముఖ్యవిషయము. ఆ కథను వ్రాసినవారు మన కర్నూలు జిల్లాలో డిప్యూటీ కలెక్టరుగా పనిచేసినవారు. అయినను మన పల్లెలలో వారి పేరు విన్నవారు అరుదు. చదువుకొన్న బాలురు సైతము తెనుగున మొదటి నవల యేదని అడిగినచో గోదావరి తీరమువైపు వ్రేలు చూపుదురేగాని హంద్రీ తుంగభద్రల కూడలిలోని ఊరివైపు చూపరు.

గడచిన వేసవిలో నొక సాయంకాలము మా యూరి రచ్చకట్టమీద నలువురము కూర్చుండియుంటిమి. ఆ యేడు బుడ్డలు కొంచెము పండినవి. స్త్రీలు అరుగుక్రింద చాపలు పరచుకొని విత్తనమునకు బుడ్డలు వలుచుచుండిరి. పట్టణమునుండి వచ్చిన పిల్లయొకతె చేత నవల పట్టుకొని నవ్వుకొనుచు చదువుచుండగా, మా కరణముగారి వంశమువారైన పెద్దలొకరు, "ఈ ప్రేమకథలు మనదేశపువి కావు, నిన్న మొన్న వచ్చినవి" అని కొంచెము కోపముగా ననిరి. "నిన్న మొన్న కాదు స్వామీ, నూటయేబదియేండ్లు దాటినది, అదియును మన కర్నూలు దొరతనపు కచ్చేరిలోని మనిషియే వ్రాసినాడు" అని నేనంటిని. అంతట అందరును కథ చెప్పుమనిరి. గ్రంథము చేతలేదు గనుక నోటితోనే చెప్పితిని.

గ్రంథకర్త నరహరి గోపాలకృష్ణమసెట్టిగారు. 1886వ సంవత్సరమున అచ్చయిన కర్నూలు జిల్లా మాన్యువలును కూర్చినవారును వీరే. ఏ తాలూకాలో ఏ నేల, ఏ చెరువు క్రింద ఎంత సాగు, ఏ కులమువారి వృత్తి యేమి, అని జిల్లానంతయు లెక్కకట్టి వ్రాసిన ఇంగ్లీషు గ్రంథమది. అట్టి లెక్కలమనిషి దానికి పదునాలుగేండ్లు ముందు, అనగా 1872లో, శ్రీరంగరాజచరిత్రమను ప్రేమకథను వ్రాసినాడన్న మీకు వింతగా తోచవచ్చును. నాకట్లు తోచదు. ఊరూర డేరా వేసికొని తిరుగు అధికారికి కనబడునన్ని వింతలు ఇంటిలో కూర్చున్న కవికి కనబడవు.

ఈ రచనకు ప్రేరణ మొకటి కలదు. అప్పటి గవర్నరు జనరలు లార్డు మేయోగారు, వంగదేశపు ప్రజల ఆచారవ్యవహారములను తెలుపు కథాగ్రంథమును వ్రాసినవారికి బహుమానమిత్తుమని ప్రకటింపించిరి. ఆ ప్రకటన వంగీయులకు సంబంధించినదైనను, దానిని చూచిన సెట్టిగారికి, మన తెలుగువారి ఆచారములను తెలుపు కథ యేల యుండరాదను బుద్ధి పుట్టినది. పాపము, ఆ మేయో ప్రభువు 1872 ఫిబ్రవరిలోనే అండమాను దీవులలో ఒక ఖైదీచేత హతుడయ్యెను. సెట్టిగారి పుస్తకము మాత్రము వెలువడినది. దానికి సోనాబాయి పరిణయమను రెండవ పేరును కలదు. అప్పటికి నవల యను మాట మనకు లేదు గనుక వారు దానిని నవీన ప్రబంధమనిరి. ప్రబంధమనగా పద్యములలో రాజుల వివాహములను వర్ణించునదని మనవారి వాడుక. నవీనమనగా క్రొత్తది. పాత కుండలో క్రొత్త కూడు వండుచున్నానని వారే ఒప్పుకొన్నట్లున్నది.

కథ మిక్కిలి సులభము. రంగరాజను రాచబిడ్డ లంబాడీల గుంపులోని సోనాబాయి యను కన్యను చూచి వలచును. రాజెక్కడ, ఎద్దులపెరికెలవెంట తిరుగు లంబాడీ పిల్ల యెక్కడ? పొత్తు కుదరదని లోకమనును. కట్టకడపట తేలునదేమనగా, సోనాబాయి పుట్టుకచే లంబాడీ కాదు. లంబాడీలయొద్ద పెరిగినదేగాని, రాజునకు స్వయముగా మేనమామ కూతురు. ఇక అడ్డేమున్నది? పెండ్లి జరుగును.

నేనీమాట చెప్పి ముగించుసరికి రచ్చకట్టమీద సభ నాలుగు పాయలైనది. కరణముగారి వంశపు పెద్దలు, "కథలో నీతి యేది? వినోదమే గాని ప్రయోజనము లేదు" అనిరి. మెట్టసేద్యము చేసి ముదిసిన రెడ్డియొకడు, "1872 అంటిరి గదా, నాలుగేండ్లకు ధాత కరువు వచ్చి మన సీమలో మనుషులు పురుగులట్లు రాలిపోయిరి. అట్టి సీమలో కూర్చుండి సరసములు వ్రాయుట యేల?" అనెను. చాపమీది అవ్వ బుడ్డకాయను చిట్లించుచు, "ఆ పిల్ల వరుసైనదని నాకు నడుమనే తెలిసిపోయె. తెలిసినా కడదాక వినాలనిపించె" అనెను. నవల పట్టుకొన్న పిల్ల మాత్రము, "కడపట రాజబిడ్డ అని తేల్చినాడు గదా, అక్కడ నాకు నచ్చలేదు" అనెను.

వీరిలో ఎవరి మాటను త్రోసివేయుదుము? ఒక్కొక్కదానిని విచారింతము.

అవ్వ చెప్పిన మాట అలంకారశాస్త్రజ్ఞుల మాటకు మిక్కిలి దగ్గరగా నున్నది. మనవారెన్నడును ముగింపు తెలియకుండుటను గుణముగా నెంచలేదు. రామునకు సీత దొరకునని తెలిసియే రామాయణమును విందుము. శాకుంతలమున దుష్యంతుడు ఆశ్రమకన్యను చూచి మొదట సంకోచించును, ఈమె నాకు తగిన పుట్టుక కలది యగునా యని. పిమ్మట విశ్వామిత్ర మేనకల బిడ్డ యని తెలిసి ఊరడిల్లును. మాళవికాగ్నిమిత్రమున చెలికత్తెగా నున్న మాళవిక రాజకన్య యని తేలును. శ్రీహర్షుని రత్నావళి ఇంకను దగ్గర. అందు ఉదయనుడు వలచిన పరిచారిక సాగరిక, సింహళరాజపుత్రి రత్నావళియే. అంతేకాదు, పట్టమహిషి వాసవదత్తకు మేనమామ కూతురు. చూచితిరా, అక్కడను మేనమామయే అడ్డుదీసినాడు. కాబట్టి సెట్టిగారి ముగింపు ఇంగ్లీషువారినుండి తెచ్చుకొన్నదను వారు తొందరపడుచున్నారు. అయితే ఈ ఉపాయము ఇంగ్లీషువారికిని లేకపోలేదు. గోల్డుస్మిత్తు 1766లో అచ్చువేయించిన వేక్ఫీల్డు గురువు కథలో, బర్చెలను పేద యాత్రికుడు తుదకు గొప్ప జమీందారని తేలును. కథ చెప్పువాడు ఏ దేశమువాడైనను ముడి విప్పుటకు వెదకు ద్వారము అదియే.

మన తెలుగుదేశమున ఆ మేనమామ మాటకు వేరొక బలమున్నది. ఉత్తరదేశమున మేనమామ కూతురును చేసికొనుట చాలకులములలో నిషేధము. మనకో, అది హక్కు. "వరుసైన పిల్ల ఇంటనుండగా బయట వెదకుట యేల" అను మాట మీ ఇండ్లలో విననివారెవరు? సెట్టిగారు తెలుగువారి ఆచారమును చూపుటకు పూనుకొన్నవారు. వలపు ఎంత దూరము పరుగెత్తినను కడకు మేనరికపు గడపలోనికే వచ్చి నిలిచినదని చూపిరి. ఇది ఆచారమును మెచ్చుకొనుటయా, మెల్లగా నవ్వుటయా, నేను నిర్ణయింపలేను. నవ్వుటయే యని ఒకనాడనుకొంటిని. ఇప్పుడంత నమ్మకము లేదు.

ఇక పండితుల తలంపులు. వారి తగవు మన రచ్చకట్ట తగవుకంటె పెద్దది. కందుకూరి వీరేశలింగము పంతులుగారి రాజశేఖరచరిత్రము 1878 మొదలు వివేకవర్ధని పత్రికలో వెలువడి, 1880లో పుస్తకమైనది. తెనుగున మొదటి వచనప్రబంధము తమదేయని పంతులుగారు చెప్పుకొనిరి. మన సెట్టిగారి పుస్తకము దానికి ఆరేండ్లు పెద్దది. మొదటిదనుటకు ఏడాది లెక్కయే ప్రమాణమైన, పీట సెట్టిగారిదే. లేదు, 1867 నాటి కొక్కొండ వేంకటరత్నము పంతులుగారి మహాశ్వేత యింకను ముందని వాదించువారు కలరు. అది బాణుని కాదంబరి కథ గనుక దాని మాట వేరు. రాజశేఖరచరిత్రమునందు ఇంటి వంటశాల మొదలు రాజమార్గము వరకు సంసారము నిండుగా కనబడును, సెట్టిగారిది పాతప్రబంధపు పోకడ విడువలేదు, కావున తొలినవల పంతులుగారిదే యని పలువురు విమర్శకుల తీర్పు. తీర్పు అన్యాయము కాదు. కాని మొదట త్రోవ నరికినవాని పేరు, పిమ్మట బండి నడపినవాని పేరు, రెండును గ్రామచావడిలో వ్రాసియుంచుట న్యాయము గదా.

పంతులుగారికిని మాటలు తప్పలేదు. కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు రాజశేఖరచరిత్రమును పట్టి, ఇది గోల్డుస్మిత్తు కథకు ఛాయ యని దీర్ఘముగా విమర్శించిరి. ఆ ఛాయ యున్నమాట పంతులుగారును కాదనలేదు. వింతయేమనగా, తెనుగున ఛాయ యని కొందరీసడించిన ఆ పుస్తకమునే హచిన్సనను దొర ఇంగ్లీషులోనికి మార్చి 1887లో భాగ్యచక్రమను అర్థమువచ్చు పేరుతో అచ్చువేయించెను. నవల యను మాటను మనకిచ్చినవారు ఆ బ్రహ్మయ్యశాస్త్రిగారే యందురు. క్రొత్త విశేషములను గ్రహించునది నవల యని దానికి వ్యుత్పత్తి చెప్పిరి. తెనుగున నవల యనగా స్త్రీ యనియు అర్థము కలదు. అందుచేతనే కాబోలు, ముసలివారికి ఆ రెండు నవలలు ఒకేచోట కూర్చున్న భయము.

ప్రయోజనము లేదన్న పెద్దలకు నేను నంద్యాలను చూపితిని. పదునారవ శతాబ్దమున పింగళి సూరన కళాపూర్ణోదయమును నంద్యాల కృష్ణరాజునకు అంకితమిచ్చినాడు. అందు వలపులు, వేషములు మార్చుటలు, ఒకరిని చూచి మరొకరనుకొనుటలు, చిక్కుపై చిక్కు. నీతివాక్యములకొరకు దానిని తెరచువాడెవడు? అయినను కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914 నాటి కవిత్వతత్త్వవిచారమున ఆ కథాకల్పనను ఎత్తి పొగడిరి. 2002లో వెల్చేరు నారాయణరావుగారును డేవిడ్ షుల్మన్ గారును దానిని ఇంగ్లీషులోనికి తెచ్చి, ఇది నవలవంటిదని లోకమునకు చెప్పిరి. వినోదకథకు మన సీమలో నాలుగువందలయేండ్లకు పైబడిన వంశవృక్షమున్నది. పెద్దలు తలయూపిరిగాని, "సూరన పద్యము వేరు" అని గొణిగిరి. ఆ గొణుగుటలో కొంత సత్యము లేకపోలేదు.

రెడ్డి అడిగిన ప్రశ్నకు నాయొద్ద మంచి సమాధానము లేదు. కరువు రాకముందు వ్రాసిన పుస్తకము కరువును చెప్పలేదనుట తప్పుపట్టుట కాదంటిని. అతడు, "రాని కరువేమి, మనకెప్పుడును ఉన్నదే గదా" అనెను. నేను మారుపలుకలేదు.

మేమిట్లు వాదించుకొనుచుండగా రచ్చకట్ట చివర, వేపచెట్టు మొదట, సుగాలీ ముసలివాడొకడు కూర్చుండి వినుచుండెను. మన జిల్లాలలో లంబాడీలను సుగాలీలందుము. అతడు మా యూరి ప్రక్క తండావాడు. వాని ముత్తాతలు ఎద్దులమీద ఉప్పును ధాన్యమును వేసికొని కోస్తానుండి మన మెరకసీమకు మోసినవారు. సేనలు నడచునపుడు వానికి గింజలందించినవారును వారే. 1871 నాటికి చెన్నపట్టణమునుండి కడప మీదుగా రాయచూరు దాక రైలు పడినది. రైలు పెట్టె యొకటి మోయు సరకుకు ఎన్ని ఎద్దులు కావలెనో మీరే లెక్కింపుడు. బేరము పోయినది, ఎద్దులమందలు పలుచబడినవి, తండాలు ఒకచోట నిలిచినవి. సెట్టిగారు సోనాబాయిని వ్రాసిన 1872 సరిగా ఆ వెనువెంటనే. ఆ గుంపులు బాటలమీద కనబడుట తగ్గుచున్న దినములలోనే ఆ పిల్ల పుస్తకములోనికెక్కినది. ఇది నేను రచ్చకట్టమీద చెప్పలేదు. ఇంటికి పోయి ఆలోచింపగా తోచినది.

ఆ ముసలివాడు అంతసేపు మౌనముగా నుండి, అందరు లేవబోవుచుండగా అడిగెను.

"అయివారూ, ఆ పిల్ల నిజంగా మా తండా పిల్లే అయివుంటే, రాజు పెండ్లి చేసుకునివుండునా?"

కాళిదాసు, శ్రీహర్షుడు, గోల్డుస్మిత్తు, అందరును నా నాలుకకు దూరమైరి. శిష్యుల ప్రశ్నలకు ముప్పదియేండ్లు బదులు చెప్పినవాడను. అయినను కొంత తడవు ఊరకుండి, "ఉండడు" అంటిని.

"అట్లనే అనుకొంటి" అని అతడు తలగుడ్డ సర్దుకొనెను. రెండడుగులు పోయి మరల తిరిగి, "పుస్తకానికి పేరు మాత్రం మా పిల్లదే పెట్టినాడు గదా?" అనెను.

"సోనాబాయి పేరే" అంటిని.

చాపమీది అవ్వ వలిచిన బుడ్డలు దోసెడు తీసి అతని కండువలో పోసి, "కూర్చో, ఇంకా పొద్దుంది. ఆ పిల్లను పెంచిన తల్లి ఏమైందో అయివారు చెప్పలేదు" అనెను. అందరును నావైపు చూచిరి. ఆ పెంచినతల్లి మాట నేనును అంతవరకు తలపోయలేదు.