వెలుగూ నీడా ఒకే ఫోటోలో



మా ఇంట్లో అవ్వ ఫోటో ఒక్కటే ఉంది. హోసూరు దగ్గర మా పల్లెలో, ఇంటి ముందు తిన్నె మీద ఆమె కూర్చుని ఉండగా, గడప లోపల నిలబడి రీలు కెమెరాతో నేనే తీశాను. ఆమె వెనక వీధిలో మిట్టమధ్యాహ్నపు ఎండ. ఫోటో కడిగించి చూస్తే వీధి చక్కగా వచ్చింది. అవ్వ ముఖం మాత్రం నల్లటి నీడ.

ఆ రోజు నా కంటికి రెండూ కనిపించాయి. కెమెరాకు ఎందుకు కనిపించలేదు? రేడియో వినేవారికి దీన్ని శబ్దంతో చెబితే తేలిక. డోలు మోతకు తగినట్టు మైకు సర్దితే పక్క మనిషి గుసగుస వినబడదు. గుసగుసకు సర్దితే డోలు మోత బద్దలవుతుంది. వెలుగు సంగతీ అంతే. ఎండ వీధికీ ఇంటి నీడకూ వెలుగులో వందల రెట్లు తేడా ఉండవచ్చు. మన కంటిపాప ఎటు చూస్తే అటు తగినట్టు సర్దుకుంటుంది. మెదడు ఆ చూపులన్నీ కలుపుకుంటుంది. కెమెరా మాత్రం ఒక నొక్కుకు ఒకే కొలత తీసుకుంటుంది.

దీనికి ఉపాయం పాతదే. 1850లలోనే ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే అనే ఆయన ఆకాశానికొకటి, సముద్రానికొకటి నెగటివులు తీసి ఒకే కాగితం మీద అచ్చు వేశాడు. 1997లో పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ అనే పరిశోధకులు వేర్వేరు వెలుగుల్లో తీసిన ఫోటోలను కంప్యూటరులో లెక్కకట్టి కలిపే పద్ధతిని ప్రకటించారు. ఈ విద్యనే హెచ్.డి.ఆర్. అంటున్నాం. ఇవాళ చాలా సెల్‌ఫోన్లు తమంతట తామే ఈ పని చేస్తున్నాయి.

నేనూ ప్రయత్నించాను. అదే తిన్నె మీద అమ్మను కూర్చోబెట్టి, కెమెరాను స్టాండుకు బిగించి మూడు ఫోటోలు తీశాను. ఒకటి సెకనులో 250వ వంతు, ఒకటి 60వ వంతు, ఒకటి 15వ వంతు. అంటే ఒక్కోసారి సుమారు నాలుగు రెట్ల వెలుగు పెరుగుతుంది. లెన్సు రంధ్రం మాత్రం మార్చలేదు. మారిస్తే ముందువెనకల స్పష్టత మారిపోతుంది.

మూడూ కలిపితే గోడలో గూడూ, వీధిలో చింతచెట్టూ అన్నీ వచ్చాయి. అమ్మకు మాత్రం రెండు ముక్కులు! మధ్యలో "అయిందారా?" అని తల తిప్పింది మరి. అప్పుడు ముఖం వరకు ఒక్క ఫోటో నుంచే తీసుకుని, మిగతాది మూడింటి నుంచి కలిపాను. ఇంకో తప్పూ చేశాను. నీడలను మరీ పెంచేసరికి గోడ అంచుల చుట్టూ తెల్లటి వలయం వచ్చి, ఇల్లు రంగుల క్యాలెండరులా తయారైంది. నీడ కొంత నీడగానే ఉండాలి.

చివరికి అవ్వ ఫోటోను కూడా స్కాన్ చేసి చూశాను. గరుకు చుక్కలు లేచాయి కానీ ముఖం రాలేదు. ఫిల్ముకు అందని వెలుగును తరువాత ఏ యంత్రమూ తేలేదు. కనుక ఇంటి పెద్దలను ఫోటో తీసేటప్పుడు ఫోను తెర మీద వారి ముఖాన్ని వేలితో తాకి, వెలుగు దానికి సర్దుకున్నాకే నొక్కండి. వెనక వీధి తెల్లబోతే పోనివ్వండి. వీధి రేపు కూడా ఉంటుంది.

సెలవు.