సరిహద్దు దాటితే బండి బరువెక్కుతుందా?

తెనాలి నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం నెల రోజులుగా నా బల్ల మీదే ఉంది. ఆవిడ లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. మొన్న వేసవిలో మ్యూనిక్‌లో ఉంటున్న కూతురి దగ్గరికి వెళ్తే, అల్లుడు అందరినీ మోటార్‌హోమ్‌లో ఎక్కించి ఊళ్ళు చూపించడానికి బయల్దేరాడట. మంచాలు, పొయ్యి, బాత్‌రూమ్, నీళ్ళ ట్యాంకు అన్నీ ఉన్న బండి. బరువు అయిదు టన్నులు. జర్మనీ ఆటోబాన్ (ఎక్స్‌ప్రెస్‌వే) మీద గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్నవాడు ఆస్ట్రియా సరిహద్దు దాటగానే 80కి దించాడు.

"ఏం నాయనా, నిద్రొస్తోందా?" అని ఈవిడ.

"లేదు అత్తయ్యగారూ, ఇక్కడ రూలంతే. బరువు బండి కదా, తొందరగా ఆగదు."

"మరి జర్మనీలో ఎలా ఆగిందీ?"

అల్లుడు మాట్లాడలేదు. ఇటలీలో అడుగుపెట్టాక బండి మళ్ళీ 100 అందుకుంది. టీచరుగారికి ఒళ్ళు మండి నాకు రాశారు: "బరువు మారలేదు, బ్రేకులు మారలేదు. మారింది భౌతికశాస్త్రమా?"

ఈలోగా ఇంకో కబురు. 2025 అక్టోబరులో యూరోపియన్ పార్లమెంటు కొత్త లైసెన్సు నిబంధనలను ఆమోదించింది. ఇప్పటిదాకా మామూలు కారు లైసెన్సుతో మూడున్నర టన్నుల బండి వరకే నడపవచ్చు. ఇకమీద శిక్షణ గానీ పరీక్ష గానీ పూర్తిచేసినవాళ్ళు 4.25 టన్నుల మోటార్‌హోమ్ కూడా నడపవచ్చు. ఆయా దేశాల చట్టాల్లోకి ఇది రావడానికి ఇంకా కొన్నేళ్ళు పడుతుంది. అయినా ఇక ఉత్తరాన్ని పక్కన పెట్టడం నా వల్ల కాలేదు.

మూలవిషయాలు గబగబా చెప్పేస్తాను. యూరప్ రోడ్ల మీద గీత మూడున్నర టన్నుల దగ్గర ఉంది. చూసేది ఆ రోజు తూకం కాదు, బండి కాగితాల్లో రాసిన గరిష్ఠ బరువు. ట్యాంకు ఖాళీగా ఉన్నా, ఊరగాయ జాడీలు ఇంట్లోనే వదిలేసి వచ్చినా లెక్క మారదు. ఒక్క బ్రిటన్ మాత్రం వేగపరిమితికి ఖాళీ బండి బరువు చూస్తుంది, గీత 3.05 టన్నుల దగ్గర గీస్తుంది. గీత దాటిన మోటార్‌హోమ్‌కు ఆటోబాన్ మీద జర్మనీలో 100 (ఏడున్నర టన్నుల వరకు), ఆస్ట్రియాలో 80, ఇటలీలో 100, ఫ్రాన్సులో 110. మామూలు రోడ్ల మీద, ఊరి బయట, జర్మనీలో 80, ఆస్ట్రియాలో 70. ఈ చివరి రెండు అంకెలూ గుర్తుపెట్టుకోండి, వాటితో పనుంది.

ముందు అల్లుడిగారి జవాబు. ఆయన్ని అనడానికి నాకు నోరు లేదు, ఎందుకంటే నేనూ ఏళ్ళ తరబడి క్లాసులో అదే చెప్పాను: బరువెక్కువైతే ఆగడానికి దూరం ఎక్కువ. తప్పు. బరువు రెట్టింపైతే ఆపడానికి కావలసిన బలం రెట్టింపవుతుంది, నిజమే. కానీ టైరును రోడ్డుకు అదిమిపెట్టేదీ ఆ బరువే. కాబట్టి టైరు పట్టు కూడా రెట్టింపవుతుంది. లెక్కలో పైన ఒక బరువు, కింద ఒక బరువు, రెండూ కొట్టేసుకుపోతాయి. ఘర్షణ గుణకం 0.7 అనుకుంటే 100 నుంచి ఆగడానికి 56 మీటర్లు, 80 నుంచి 36 మీటర్లు. టన్నున్నర కారుకూ అంతే, అయిదు టన్నుల ఇంటికీ అంతే. పెద్ద గుండూ చిన్న గుండూ ఒకేసారి నేల చేరతాయని గెలీలియో చెప్పినదానికి ఇది తోబుట్టువు. నిజం రోడ్డు మీద లెక్క ఇంత శుభ్రంగా ఉండదు. బరువు పెరిగేకొద్దీ టైరు పట్టు కాస్త వెనకబడుతుంది. కానీ ఆ కాస్త తేడాకు 20 కిలోమీటర్లు కోయనక్కర్లేదు.

మరి బరువు ఎక్కడ దెబ్బకొడుతుంది? వేడి దగ్గర. బ్రేకు వేయడమంటే కదలికను వేడిగా మార్చడం, అంతకంటే ఏమీ లేదు. పోయే బండిలో ఉన్న చలనశక్తి అంతా బ్రేకు డిస్కుల్లోకి దిగాలి. ఆ శక్తి బరువుతో మామూలుగా పెరుగుతుంది, వేగంతో మాత్రం వర్గంగా పెరుగుతుంది. ఈ 'వర్గం' అనే ఒక్క మాట కోసం యూరప్ పండితులు తరతరాలు కొట్టుకున్నారు. ఆ కథ చెప్పకుండా నేను ముందుకు పోలేను.

కదిలే వస్తువులోని సత్తా అంటే బరువును వేగంతో గుణించిన మొత్తం అన్నాడు ఫ్రాన్సు తత్త్వవేత్త దెకార్త్. కాదు, వేగాన్ని రెండుసార్లు గుణించాలి అని 1686లో జర్మన్ పండితుడు లైబ్నిట్జ్ దెబ్బలాటకు దిగాడు. న్యూటన్ శిష్యులు లైబ్నిట్జ్ మీది కోపంతో దెకార్త్ సూత్రాన్నే పట్టుకుని వేలాడారు. అప్పుడు హాలండ్‌లోని లైడెన్‌లో గ్రావెసాండె అనే ప్రొఫెసరు ఇత్తడి గుండ్లను మెత్తని బంకమట్టిలోకి జారవిడిచి చూశాడు. వేగం రెట్టింపైతే గుంట రెండింతలు కాలేదు, నాలుగింతలైంది. ఆయన న్యూటన్ పక్షంవాడే. అయినా మట్టి చెప్పినమాట విన్నాడు. ఆ గుంటల అర్థాన్ని అందరికంటే బాగా పట్టుకున్నది ఫ్రెంచి పండితురాలు ఎమిలీ దు షాట్లే. 1740లో అచ్చయిన పుస్తకంలో లైబ్నిట్జ్ పక్షం వహించి, పారిస్ అకాడమీ కార్యదర్శి మెరాన్‌తోనే వాదం పెట్టుకుంది. ఆమె సహచరుడు వోల్టేర్ అవతలి పక్షం. ఆ ఇంట్లో భోజనాల వేళ మాటలు ఎలా సాగేవో! నిజానికి దెకార్త్ లెక్క కూడా పనికొచ్చేదే, అది ద్రవ్యవేగం. కానీ బ్రేకుకు కావలసింది అది కాదు.

ఇప్పుడు ఆ రెండు అంకెలు తీయండి. జర్మనీలోనూ ఆస్ట్రియాలోనూ మామూలు రోడ్ల మీద కార్లకు 100. మూడున్నర టన్నుల బండి 100లో పోతున్నప్పుడు ఉన్నంత 'సత్తా' మన అయిదు టన్నుల బండికి ఉండాలంటే అది ఎంతలో పోవాలి? దెకార్త్‌ను అడిగితే 70 అంటాడు. లైబ్నిట్జ్‌ను అడిగితే 84. ఆస్ట్రియా నిబంధన 70, జర్మనీ నిబంధన 80! చట్టం రాసినవాళ్ళు ఈ లెక్క వేసి ఉంటారని నేను అనడం లేదు, ఇది ఉత్త కాకతాళీయం. కానీ జర్మనీవాళ్ళు లైబ్నిట్జ్ వైపు మొగ్గడం చూసి ఆ రోజు నేను టీ చల్లారిపోయేదాకా నవ్వుకున్నాను.

టీచరుగారి ఉత్తరంలో ఇంకో వాక్యం ఉంది. ఆస్ట్రియాలోని గ్రోస్‌గ్లాక్నర్ కొండదారి దిగుతుంటే "ఇస్త్రీపెట్టె కింద బట్ట మాడినట్టు వాసన" వచ్చిందట. 1935లో తెరిచిన ఆ దారి 2500 మీటర్ల ఎత్తు దాకా పోతుంది. కొన్నిచోట్ల వాలు వందకు పన్నెండు. అయిదు టన్నుల బండి వెయ్యి మీటర్లు కిందికి దిగిందంటే విడుదలయ్యే శక్తి 49 మెగాజౌళ్ళు. దానితో వంద లీటర్లకు పైగా చన్నీళ్ళు మరిగించవచ్చు. 80 నుంచి బండిని పూర్తిగా ఆపడం ఇలా దాదాపు నలభై సార్లు చేస్తే ఎంతో, అంత. నాలుగు డిస్కులూ కలిపి 50 కిలోల ఇనుము అనుకుందాం. వేడంతా అందులోనే నిలిచిపోతే రెండు వేల డిగ్రీలు దాటుతుంది. ఇనుము 1538 దగ్గరే కరుగుతుంది! గాలి చల్లార్చబట్టి, ఇంజను కొంత పంచుకోబట్టి మనుషులు బతికి కిందికి వస్తున్నారు.

నేను మోహపడ్డ కిటుకు ఇక్కడుంది. మెల్లగా దిగితే మొత్తం వేడి తగ్గదు. కొండ ఎత్తు ఎంతో వేడి అంత. తగ్గేది అది పుట్టే జోరు. పన్నెండు శాతం వాలులో 40 వేగంతో దిగితే సుమారు 65 కిలోవాట్లు, అంటే బాత్‌రూముల్లో పెట్టే గీజర్లు ముప్పై రెండు ఒకేసారి వేసినట్టు. 20లో దిగితే అందులో సగం. గాలికి తీసుకుపోవడానికి తీరిక దొరుకుతుంది.

తీరిక దొరక్కపోతే ఏమవుతుందో నేను తిరుమల నుంచి దిగుతూ అద్దె వ్యానులో ఒకసారి చూశాను. డ్రైవరు పెడల్ తొక్కితే స్పాంజిలా లోపలికి పోయింది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టినదానికి 155 హామీ ఇస్తే అదే గొప్ప. మరిగిందంటే గొట్టంలో ఆవిరి బుడగలు. ఆయిల్ నలగదు గానీ ఆవిరి నలుగుతుంది, కాలి ఒత్తిడి చక్రం దాకా చేరదు. అతను కంగారు పడకుండా గేరు తగ్గించి, ఇంజను చేత బండిని పట్టించి, పక్కకు తీసి ఆపాడు. "బ్రేకుతో కాదండీ, గేరుతో దించాలి" అన్నాడు, మేమేదో తప్పు చేసినట్టు.

ఇంతకీ టీచరుగారి ప్రశ్న మిగిలే ఉంది. సరిహద్దు దగ్గర మారింది భౌతికశాస్త్రం కాదు, అర. ఆస్ట్రియా చట్టం మూడున్నర టన్నులు దాటినదాన్ని లారీల అరలో పెట్టింది. జర్మనీ మోటార్‌హోమ్‌కు విడిగా మినహాయింపు ఇచ్చింది. ఆటోబాన్ మీద ఒకే చట్రానికి సరుకుపెట్టె బిగిస్తే 80, మంచమూ పొయ్యీ బిగిస్తే 100! ఫ్రాన్సు ఇచ్చే 110లో మన బండి మోసే శక్తి, ఆస్ట్రియా 80లో మోసేదానికి రెట్టింపుకు కొంచెమే తక్కువ. లైసెన్సు గీత 4.25కి జరిగినా ఈ అంకెలు వాటంతటవి కదలవు. నా తీర్పు అడిగితే, ఆటోబాన్ మీద ఆస్ట్రియాది చాదస్తం, ఫ్రాన్సుది ధీమా.

ఉపయోగపడే ముక్క కూడా రాయమని సంపాదకులు పట్టుబట్టారు కాబట్టి రాస్తున్నాను. మన దేశంలో లైట్ మోటార్ వెహికల్ అంటే ఏడున్నర టన్నుల దాకా. ఆ ధైర్యంతో విదేశంలో పెద్ద బండి అద్దెకు తీసుకోకండి. మనకిచ్చే అంతర్జాతీయ పర్మిట్‌లో 'బి' గడి మూడున్నర టన్నుల దగ్గరే ఆగిపోతుంది. ఆస్ట్రియా ఆటోబాన్‌లో గీత దాటిన బండికి టోల్ స్టిక్కరు చెల్లదు, గో-బాక్స్ అనే పరికరం పెట్టించుకోవాలి. టీచరుగారూ, మీ అల్లుడిగారు 80లో నడపడం సరైనదే, చెప్పిన కారణమే తప్పు. ఈసారి కొండ దిగేముందు గేరు తగ్గించమనండి. బ్రేకు ఆయిల్ ఎప్పుడు మార్చారో కూడా అడగండి.