నీటి అడుగున రొద - మత్స్య సంపదకు కనిపించని బెడద

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలు సముద్రానికి దూరంగా ఉన్నప్పటికీ విశాలమైన జలాశయాలకు చేరువలోనే ఉన్నాయి. కృష్ణానదిపై నాగార్జునసాగర్, పులిచింతల, మూసీ నదిపై మూసీ జలాశయం అనేక మత్స్యకార కుటుంబాలకు జీవనాధారం. సాగర్ నడుమనున్న నాగార్జునకొండకు పర్యాటకులు చేరుకునేది లాంచీల ద్వారానే. పడవల నుంచి వెలువడే చమురు, చెత్త వల్ల కలిగే కాలుష్యం అందరికీ తెలిసినదే. అయితే ఇంజన్ల రొద కూడా ఒక కాలుష్యమేనన్న విషయం చాలామందికి తెలియదు.

చేపలు ఎలా వింటాయి?

గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్ల వేగంతో పయనిస్తే, నీటిలో సుమారు 1,500 మీటర్ల వేగంతో పయనిస్తుంది. నీటిలో అది త్వరగా క్షీణించదు. అందువల్ల ఒడ్డున ఉన్నవారికి చిన్నదిగా తోచే పడవ శబ్దం నీటి అడుగున చాలా దూరం వినిపిస్తుంది.

బొచ్చె, రోహు, బంగారుతీగ, వాలుగ, జెల్ల వంటి మంచినీటి చేపలకు వినికిడి శక్తి అధికం. వీటి శరీరంలోని గాలితిత్తిని లోపలి చెవితో కలుపుతూ చిన్న ఎముకల గొలుసు ఉంటుంది. జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ వెబర్ 1820లో వీటిని వర్ణించినందున వీటికి ఆయన పేరే వచ్చింది. మన జలాశయాల్లో విరివిగా లభించే చేపల్లో అధికభాగం ఈ కోవకు చెందినవే.

పరిశోధనలు ఏమి చెబుతున్నాయి?

వియన్నా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన పరిశోధనలో, పడవల శబ్దం వినిపించినప్పుడు బంగారుతీగ సహా మూడు రకాల చేపల్లో ఒత్తిడిని సూచించే కార్టిసాల్ హార్మోన్ పెరిగింది. ఒకే తీరుగా సాగే శబ్దానికి ఈ పెరుగుదల కనిపించలేదు. హెచ్చుతగ్గులతో వచ్చిపోయే రొదే చేపలను కలవరపెడుతుందని దీనివల్ల స్పష్టమైంది.

ఆస్ట్రేలియా పగడపు దిబ్బల్లో జరిపి 2016లో వెల్లడించిన మరో అధ్యయనంలో, మోటారు పడవల శబ్దం ఉన్నప్పుడు చిన్న చేపలు అపాయాన్ని వెంటనే పసిగట్టలేక, వేటచేపలకు రెండు రెట్లకు పైగా ఆహారమయ్యాయి. పాత తరహా టూ-స్ట్రోక్ ఇంజన్ల కంటే ఫోర్-స్ట్రోక్ ఇంజన్ల ప్రభావం తక్కువని 2018 నాటి అధ్యయనం తెలిపింది.

నివారణ సులభమే

ఇంజను ప్రకంపనలతో పాటు, వేగంగా తిరిగే పంకా రెక్కల వద్ద ఏర్పడి పగిలే బుడగలు ఈ రొదకు ముఖ్య కారణం. వేగం తగ్గిస్తే బుడగలు, వాటితో పాటు శబ్దమూ తగ్గుతాయి. వంగిన, పగిలిన రెక్కలను ఎప్పటికప్పుడు సరిచేయించాలి. ఇంజను బిగింపులు వదులు కాకుండా చూసుకోవాలి. చేపపిల్లలను వదిలే చోట్లకు, ఒడ్డువెంట నాచు పెరిగే లోతు తక్కువ ప్రాంతాలకు మరపడవలు దూరంగా సాగాలి. అనేక మంచినీటి చేపలు గుడ్లుపెట్టే వర్షాకాలంలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

తెడ్డుతో సాగే పుట్టి నీటి అడుగున దాదాపు నిశ్శబ్దంగా కదులుతుంది. మత్స్యకారులు తరతరాలుగా వాడుతున్న ఈ సాధనం దగ్గరి దూరాలకు నేటికీ అనువైనదే. లాంచీల నిర్వాహకులు, మరపడవల యజమానులు ఈ స్వల్ప జాగ్రత్తలు పాటిస్తే ఇంధనం ఆదా కావడమే గాక, వలపై ఆధారపడిన కుటుంబాల జీవనోపాధికీ రక్షణ చేకూరుతుంది.